తూకంలోని పాపం

తపస్కాలం చివరి వారంలో వెంకటగిరికోట, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల కతోలికులున్న ఊళ్లలో పాపసంకీర్తనానికి జనం వరుస కడతారు. పల్లె గుళ్లలో చాలాచోట్ల చెక్క గది అంటూ ఉండదు. పీఠం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, మెడలో ఊదారంగు స్టోలు వేసుకున్న ఫాదర్, ఆయన చెవి దగ్గరికి వంగిన తల. అంతే. వరుసలో నిలబడ్డవాళ్లు మనసులో కూడబెట్టుకునే చిట్టా ఇంచుమించు ఒకేలా ఉంటుంది: ఆదివారం పూజకు పోలేదు, కోపంలో నోరు జారాను, అబద్ధమాడాను, అత్తను మాటన్నాను. వీటిలో చాలావాటిని గురువు చెవిన వేయకపోయినా క్షమాపణ దొరుకుతుంది. చెప్పి తీరాల్సినవి చిట్టాకు ఎక్కకుండానే మిగిలిపోతాయేమోనన్నదే ఆలోచించాల్సిన సంగతి.

పాపాలన్నీ ఒక్క బరువువి కావని శ్రీసభ మొదటినుంచీ చెబుతోంది. యోహాను మొదటి లేఖ ఐదో అధ్యాయంలోనే మరణానికి దారితీసే పాపం వేరు, అలా తీయనిది వేరు అని ఉంది. చావైన పాపం కావాలంటే మూడూ కలిసిరావాలి: చేసిన పని గురుతరమైనదై ఉండాలి, అది గురుతరమని తెలిసి ఉండాలి, తెలిసీ మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేసి ఉండాలి. మూడింటిలో ఏది తగ్గినా అది చావైన పాపం కాదు. ఫాదర్ నెలకోసారి మాత్రమే రాగలిగే ఊళ్లో ఉన్న ముసలమ్మ మిగతా ఆదివారాలు పూజ వినలేదని కుమిలిపోనక్కర్లేదు. వీల్లేనప్పుడు ఆదివారం పూజ వినాలన్న కట్టడ ఆమెను కట్టదు. ఇంట్లో ఖాళీగా ఉండి, దారి ఉండి, కావాలని మానేసినవాడి సంగతి వేరు.

స్వల్ప పాపాలకు క్షమాపణ మార్గాలు చాలానే ఉన్నాయి. మనసారా పశ్చాత్తాపపడటం, ప్రార్థన, ఉపవాసం, దానధర్మం, దివ్యసత్ప్రసాదం లోకొనడం, పూజ ఆరంభంలో రొమ్ము తట్టుకుంటూ అందరూ కలిసి తప్పొప్పుకోవడం... ఇవన్నీ వాటిని కడిగేవే. 1551 నవంబరు 25న ట్రెంట్ మహాసభ ఈ సంగతి తేల్చి చెప్పింది: స్వల్ప పాపాలను చెప్పుకోవడం మేలు, చెప్పకపోయినా దోషం లేదు. చావైన పాపాలను మాత్రం ఏ రకమో, ఎన్నిసార్లో గుర్తున్నంతవరకూ చెప్పాలి. ఏడాదికొక్కసారైనా పాపసంకీర్తనం చేయాలన్న నియమం అంతకు ముందే, 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభలో వచ్చింది.

చెవిలో చెప్పుకునే పద్ధతి మాత్రం తొలినాటిది కాదు. మొదటి శతాబ్దాల్లో హత్య, వ్యభిచారం, విశ్వాసాన్ని వదులుకోవడం లాంటివాటికి అందరికీ తెలిసేలా ఏళ్ల తరబడి ప్రాయశ్చిత్తం చేయాల్సి వచ్చేది, అదీ బతుకులో ఒక్కసారే. ఆరో శతాబ్దం నుంచి ఐర్లండు సన్యాసులు ఎన్నిసార్లయినా రహస్యంగా చెప్పుకునే పద్ధతిని యూరపంతా వ్యాపింపజేశారు. అదే పద్ధతి 1700ల తొలి ఏళ్లలో పుంగనూరుకు వచ్చింది. ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్ నుంచి ఫాదర్ మొదుయి 1701లో ఈ దారిన పయనించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు కాషాయం కట్టి, మాంసం మాని, తెలుగు నేర్చుకున్నారు. పరాయి దేశంనుంచి వచ్చిన మనిషికి ఇక్కడివాళ్లు తమ లోగుట్టు విప్పి చెప్పాలంటే, ఆయనకు ముందు ఇక్కడి తిట్టు, ఇక్కడి అప్పు, ఇక్కడి సరిహద్దు తగాదా అర్థం కావాలి.

మదనపల్లెలో 1863లో జేకబ్ చాంబర్లిన్ మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ ప్రొటెస్టంట్ సంఘాలు చెవిలో చెప్పుకునే ఈ పద్ధతిని ఒప్పుకోలేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో కలిసిన ఆ సంఘాల ఆరాధనలో అందరూ ఒకే గొంతుతో తప్పొప్పుకుంటారు, పాస్టరు దేవుని క్షమాపణను ప్రకటిస్తాడు. ఒకే వీధిలో ఒక అక్క సి.ఎస్.ఐ.కి, చెల్లెలు కతోలిక గుడికి పోతుంటే ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే తీరుతుంది: దేవుడికి చెప్పుకుంటే చాలదా? కతోలిక జవాబు అందరూ అనుకున్నంత కటువుగా లేదు. దేవుని మీది ప్రేమతో పుట్టిన సంపూర్ణ పశ్చాత్తాపం చావైన పాపాన్నీ మాపగలదు, వీలైన వెంటనే పాపసంకీర్తనం చేస్తానన్న గట్టి నిర్ణయం అందులో ఉంటే. 2020 మార్చిలో కోవిడ్‌తో గుళ్లు మూతపడినప్పుడు రోము ఈ ఉపదేశాన్నే మళ్లీ గుర్తుచేసింది. ఊపిరాడక ఆసుపత్రి మంచం మీద ఒంటరిగా ఉన్నవాడికి గురువు చేరలేకపోయినా దేవుడు చేరతాడని దాని అర్థం.

ఇక బరువు తూచే తీరు. ఈ ప్రాంతానికి దీనికంటే అవసరమైన పాఠం లేదు. మదనపల్లె, పలమనేరు, వెంకటగిరికోట టమాటా మార్కెట్లలో రైతు బాక్సులు దించగానే తరుగు పేరుతో కొంత పోతుంది, జాక్‌పాట్ అనే మరో కోత కింద ఇంకొంత పోతుంది. రాత్రంతా కోసి, బండి కట్టించుకుని, తెల్లారకముందే చేరిన మనిషి ఆ కోత మీద నోరెత్తితే సరుకు వేలంలో వెనక్కి పోతుందన్న భయం. పుచ్చుకునేవాడికి అది పాపంలా తోచదు. ఒక్కొక్క రైతు దగ్గర తీసింది కొంచెమే కదా, అందరూ తీస్తున్నారు కదా అనిపిస్తుంది.

సరిగ్గా ఈ వాదాన్నే రోము మూడున్నర శతాబ్దాల కిందట తోసిపుచ్చింది. 1679 మార్చి 2న పదకొండో ఇన్నోసెంట్ పోపు తప్పని ప్రకటించిన 65 వాక్యాల్లో ఒకటి ఇది: చిన్నచిన్న దొంగతనాలతో కూడిన మొత్తం ఎంత పెద్దదైనా, దాన్ని తిరిగి ఇవ్వకపోతే చావైన పాపం కాదన్న మాట. అంటే చిన్నవి కలిసి పెద్దవవుతాయి. పుణ్యానికి ఒక పిడికెడు ఎక్కువ కొలిచే చేతికీ, పాపానికి ఒక పిడికెడు తక్కువ కొలిచే చేతికీ ఏడాది చివర లెక్క ఒకేలా రాదు. నీతిశాస్త్ర పండితులు ఇంకో కొలత కూడా పెట్టారు. ఎంత తీశావన్నదానితోపాటు ఎవరి దగ్గర తీశావన్నదీ చూడాలి. కూలిమనిషి ఒకరోజు బతుకు ఖర్చును కాజేస్తే గురుతరం. అదే సొమ్ము ధనవంతుడిదైతే తేలిక కావచ్చు. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం కూడా అన్యాయానికి గురైనది ఎవరన్నదాన్నిబట్టి పాపం బరువు మారుతుందని చెబుతుంది. కూలివాడి న్యాయమైన కూలిని ఎగ్గొట్టడాన్ని ఆకాశానికి మొరపెట్టే పాపాల్లో చేర్చింది, హేబెలు నెత్తురు పక్కనే.

పట్టుగూళ్ల రీలింగు దగ్గరైనా, ఇటుక బట్టీ దగ్గరైనా కూలి తగ్గించిన యజమాని ఆదివారం పూజ తప్పిందని మాత్రం చెప్పి వెళితే, అతను చెప్పని పాపమే ఎక్కువ బరువైనది. గురువు క్షమాపణ ఇచ్చినా సొమ్ము అతని దగ్గరే ఉంటే పని సగంలోనే ఆగినట్టు. తిరిగి ఇవ్వాలి. సొంతదారు ఎవరో తెలియకపోతే పేదలకు చేరాలి. ఈ భాగాన్ని ప్రసంగాల్లో మరింత గట్టిగా చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

కులం సంగతి ఇంకా బరువైనది. గుడిలో వేరే వరుస, సమాధుల తోటలో వేరే గోడ, పెళ్లిలో వేరే బంతి లాంటివాటిని ఆచారమని నడిపిస్తూ వచ్చిన ఊళ్లు దక్షిణాదిలో ఉన్నాయి. భారత కతోలిక పీఠాధిపతుల మండలి 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానం కులవివక్షను గురుతరమైన సామాజిక పాపమని పేరుపెట్టి చెప్పింది. వెంకటగిరికోట ఉన్న కడప మేత్రాసనానికే గురువుగా 1992లో అభిషిక్తుడైన పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు, తొలి దళిత కార్డినల్‌గా. అది సంతోషించాల్సిన వార్తే.

అయితే ఊరంతా కలిసి చేసే పాపాన్ని ఒక్కడు వచ్చి ఏమని చెప్పుకోవాలి? 1984లో రెండో జాన్ పాల్ పోపు దీనికి సూటిగా జవాబిచ్చారు: సామాజిక పాపం అనేక వ్యక్తిగత పాపాల కూడిక. దాన్ని నడిపించినవాడు, దాంతో లాభపడ్డవాడు, ఆపగలిగీ భయంతోనో బద్ధకంతోనో నోరు మూసుకున్నవాడు, ఏం చేసినా లోకం మారదని చేతులు కట్టుకున్నవాడు, ఎవరి భాగం వారిదే. కాబట్టి పొత్తు బంతిలో ఒకరిని దూరంగా కూర్చోబెట్టినప్పుడు పక్కనే ఉండి విస్తరి ముందు తల దించుకున్న పెద్దమనిషి, వచ్చే తపస్కాలంలో ఆ కుర్చీ ముందుకు వచ్చినప్పుడు చెప్పుకోవాల్సింది దాని గురించే.