గెలిచింది కాబట్టే ఒప్పయిందా?

భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష పేరు మా స్కూల్లో అందరికీ తెలుసు. 2023 జనవరిలో మొదటి అండర్-19 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ 68 పరుగులకే ఆలౌటైతే, మన జట్టులో 24 పరుగులు చేసింది. అప్పటికి తనకు పదిహేడేళ్ళు. 2025లో మలేషియాలో మళ్ళీ ఆడింది. స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 కొట్టింది. ఆ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 3 వికెట్లు తీసి, 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు.

నాకు మాత్రం ఈ లెక్కలకన్నా వాళ్ళ నాన్న సంగతే మనసులో ఉండిపోయింది. రామిరెడ్డి గారు భద్రాచలంలో ఫిట్‌నెస్ ట్రైనర్. పాపకు రెండేళ్ళప్పుడే ప్లాస్టిక్ బ్యాటు చేతికిచ్చారంట. తర్వాత జిమ్ అమ్మేసి, కూతురి ఆట కోసం సికింద్రాబాద్ వచ్చేశారు. "నాన్నంటే అట్లుండాల" అని అందరం అంటాం. త్రిష కూడా తన అవార్డు నాన్నకే అంకితమని చెప్పింది.

సరే, త్రిషకు పదమూడేళ్ళకే మోకాలు దెబ్బతిని ఉంటే? అప్పుడు మనమే "కూతురి పిచ్చిలో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు" అని ఉంటాం. మనిషి అదే, ప్రేమ అదే, అమ్మిన జిమ్ము అదే. మరి ఒప్పో తప్పో ఎప్పుడు తేలింది? అమ్మిన రోజా, కప్పు గెలిచిన రోజా?

మా పావగడ వైపు శెనక్కాయలు వేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. వానొస్తే తెలివైనోడు, రాకపోతే తెలివిలేనోడు. విత్తిన చెయ్యి మాత్రం ఒకటే. అందుకే ఫలితం చూసి మనిషిని తూకం వేయకూడదని నేననుకుంటాను.

కానీ ఇక్కడ ఒక చిక్కుంది. చేను తన మాట చెప్పలేదు, బిడ్డ చెప్తుంది. రెండేళ్ళ పాపను అడగలేం, నిజమే. పన్నెండేళ్ళకు అడగొచ్చు కదా? 2025 కప్పు ఆడేనాటికి త్రిష ఏ డబ్ల్యుపిఎల్ జట్టులోనూ లేదు. అయినా మళ్ళీ పోయి అట్లా ఆడిందంటే, ఆ ఆశ అప్పటికి తనది కూడా అయిపోయిందనిపిస్తుంది. ఇది నా ఊహే.

ఇదంతా ఎందుకు ఆలోచిస్తున్నానంటే, నన్ను తుమకూరులో పియుసి సైన్సుకు చేర్చడానికి మా నాయన ఎకరా చేను అమ్ముదామంటున్నాడు. మొన్న రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కుంటా, "నీకిష్టమే కదమ్మా" అన్నాడు. ఊ అన్నాను. అది ఇష్టంతో అన్నానా, ఆ చేను గుర్తొచ్చి భయంతో అన్నానా, నాకే తెలీడం లేదు. అమ్మ మాత్రం నా మొహం చూసి ఏమీ మాట్లాడలేదు. ఎస్ఎస్ఎల్‌సి ఫలితాలు వచ్చేలోపల నాయనకు సరిగ్గా జవాబు చెప్పాల.