ప్రమాదం అంటే ఏమరుపాటే

తెలుగులో 'ప్రమాదం' అంటే అనుకోకుండా వచ్చిపడే కీడు. పాళీలో 'పమాదం' అంటే ఏమరుపాటు. నిజానికి రెండూ ఒకే మాట. మనం ఫలితానికి వాడుతున్న పేరును బుద్ధుడు కారణానికి వాడాడు. 'అప్పమాదం', అంటే ఏమరుపాటు లేకపోవడం, ఆయన భిక్షువులకు చివరిగా చేసిన బోధ.

2023 జూలై 13న ఢిల్లీలో యమున 208.66 మీటర్లకు చేరింది. 1978 నాటి 207.49 మీటర్ల రికార్డు చెరిగిపోయింది. హర్యానాలోని హథ్నీకుండ్ బరాజ్ దగ్గర వదిలిన నీరు ఢిల్లీకి రావడానికి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. అంటే ఈ వరద చెప్పే వస్తుంది. అయినా ఐటీఓ బరాజ్ 32 గేట్లలో 5 తెరుచుకోలేదు, పూడిక అడ్డుపడింది. నది ఒడ్డున గుడిసెలు వేసుకున్న కూలీలు, కౌలు రైతులు పిల్లలతో రోడ్ల పక్కన టెంట్లలోకి చేరారు.

ఇలాంటప్పుడు 'అంతా వాళ్ళ ఖర్మ' అనే మాట వినబడుతుంది. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడు బుద్ధుణ్ణి ఇదే అడిగాడు: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా? కాదన్నాడు బుద్ధుడు. శరీర దోషాలు, రుతువుల మార్పు, అజాగ్రత్త, ఇతరులు చేసే హాని కూడా బాధకు కారణాలేనని విడివిడిగా చెప్పాడు. పేదల దుస్థితికి గతజన్మను కారణంగా చూపితే సమాజం, ప్రభుత్వం బాధ్యత నుంచి తప్పించుకుంటాయని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో హెచ్చరించారు. ఆయన తుదిశ్వాస విడిచిన అలీపూర్ రోడ్డు ఇల్లు సివిల్ లైన్స్‌లో ఉండేది. 2023లో ఆ ప్రాంతపు వీధుల్లోకీ యమున వచ్చింది.

'అన్నీ అనిత్యమే కదా, జాగ్రత్తలెందుకు?' అని కొందరు అడుగుతారు. అనిత్యమంటే కూలేది కూలనీ అని కాదు. ప్రతిదీ కారణాల వల్లే జరుగుతుంది గనుక, కారణం మారితే ఫలితం మారుతుంది. ప్రతీత్య సముత్పాదం చెప్పేది అదే. గేటు దగ్గర పూడిక తీయడం కూడా కారణాన్ని మార్చడమే.

అయితే జాగ్రత్త అంతా పేదవాడి నెత్తిన వేయడం న్యాయం కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి. మన బస్తీ పేరు అందులో ఉందా అని అడగడం మన హక్కు. మన వంతు పనీ ఉంది. ఆదివారం విహారంలో వందన అయ్యాక ఒక అరగంట కూర్చుందాం. నీళ్ళొస్తే ఏ గల్లీలోంచి బయటపడాలి? నడవలేని అవ్వను ఎవరు ఎత్తుకెళ్ళాలి? ఆధార్, రేషన్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయా? 112 నంబరు పిల్లలకు తెలుసా?

వరద వచ్చాక అన్నం పెట్టడం కరుణే. రాకముందే ఆ అవ్వ పేరు రాసి పెట్టుకోవడం అప్పమాదం. మొదటిది చేయడం మనకు బాగా తెలుసు. రెండోది ఈ ఆదివారమే మొదలుపెడదాం.