శేషవస్త్రము

శ్రీమద్భాగవత దశమస్కంధమున మథురాపుర ప్రవేశ ఘట్టము పురాణశ్రవణము చేయు ఆస్తికులందరికిని పరిచితమైనదే. రామకృష్ణులు రాజవీథిని నడచుచుండగా మొదట కంసుని రజకుడు ఎదురగును. అడిగిన వస్త్రముల నీయక పరుషములాడి వాడు నశించును. అటుపిమ్మట ఒక వాయకుడు, అనగా వస్త్రశిల్పి, సంతోషముతో వచ్చి, ఆ సోదరులకు రంగురంగుల వస్త్రములను వారి వారి మేనికి తగినట్లు తీర్చి అలంకరించును. స్వామి వానికి సారూప్యమును, ఇహమున సంపదను, బలమును, స్మృతిని అనుగ్రహించెను. దీని తరువాతిదే మాలాకారుడైన సుదాముని కథ. సుదాముని గూర్చి మనవారు విశేషముగా చెప్పుకొందురు. వాయకుని మాత్రము రెండు మాటలలో దాటివేయుదురు. మూలమున వానికి పేరైనను లేదు. నేనును ఎన్నో ఏండ్లు అట్లే దాటివేసితిని.

నన్ను ఆ వాయకునివద్ద నిలిపినది కుట్టుపనితో జీవించు ఒక తల్లి అడిగిన ప్రశ్న.

తిరుపతిలో గోవిందరాజస్వామివారి సన్నిధికి కొంత దూరమున ఒక ఇంటి ముందుగదియే ఆమె దుకాణము. రెండు కుట్టుమిషనులు, ఒక కత్తిరింపుబల్ల, గోడకు నాలుగు కొక్కెములు. ఆమెయు, ఆమె మేనకోడలును పనిచేయుదురు. రవికలు, పట్టులంగాలు కుట్టుట, చీరలకు ఫాలు వేయుట నిత్యకృత్యము. తీరిక దొరకినప్పుడు నేతగుడ్డ కొని, చేతికుట్టుతో పూలు దిద్ది, చిన్నపిల్లలకు గౌనులు, చొక్కాలు కుట్టి అమ్ముదురు. అంగళ్లలో సిద్ధముగా దొరకు దుస్తులు వీటికంటె చవుక. అయినను వీరి పని తెలిసినవారు వెదకికొని వత్తురు.

ఆ పనిలో నేను కూర్చుండి చూచిన విషయమొకటి చెప్పవలెను. ఎదుగు పిల్లకు పట్టులంగా కుట్టునపుడు అంచునకు పైగా లోపలివైపున రెండు మూడు మడతలు పెట్టి కుట్టుదురు. పిల్ల పొడవైనకొలది ఏడాదికొక మడత విప్పుదురు. రవికకు ప్రక్కకుట్టులో రెండు వ్రేళ్ల గుడ్డ లోపల వదలుదురు. నూలుగుడ్డయైనచో కత్తిరింపక మునుపే నీట నానబెట్టి ఆరవేయుదురు. లేనిచో మొదటి ఉతుకుకే ముడుచుకొనిపోవును. వీటిలో ఏదియు పైకి కనబడదు. లోపలి మడతను కొరతచేసినచో కుట్టించుకొన్న ఇల్లాలికి రెండేండ్లకుగాని తెలియదు. అప్పటికి ఎవరిని అడుగును? ఆ తల్లి ఏనాడును మడత తగ్గించి ఎరుగదు. అట్టి మనిషి అడిగిన ప్రశ్న కనుకనే అది నన్ను కదలించినది.

“స్వామీ! రవికకని మీటరు గుడ్డ తెత్తురు. ఒడుపుగా కత్తిరించినచో జానెడు మిగులును. మంచి ముక్కలతో గౌనులకు పూలు, పిల్లలకు అతుకుల బొంతలు కుట్టి అమ్ముచున్నాను. పట్టుముక్క, జరీముక్క దొరకినచో మా ఇంటి కృష్ణునికి వస్త్రము కుట్టుదును. పదునెనిమిది ఏండ్లుగా ఇదే వాడుక. మొన్న మా మేనకోడలు, అత్తా! ఆ గుడ్డ మనదేనా? అని అడిగినది. అప్పటినుండి స్వామికి వస్త్రము కట్టబోవగా చేయి వణకుచున్నది” అనెను.

నేను వెంటనే తీర్పు చెప్పితిని. “అమ్మా! అది పరద్రవ్యము. ఎవరి ముక్క వారికి ఇచ్చివేయుము.”

ఆమె ఊరకుండలేదు. “మరియొకరు కత్తిరించిన అంత మిగులదు స్వామీ. అది నా నేర్పువలన మిగిలినది గదా” అనెను. న్యాయమైన ఆక్షేపమే. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున దీనికి సమాధానము కలదు. పది పలముల నూలు తీసికొన్న సాలెవాడు పదునొకండు పలముల గుడ్డ తిరిగి ఈయవలెను. లేనిచో పండ్రెండు పణముల దండుగ. గంజివలన బరువు పెరుగునని వ్యాఖ్యాతలు కారణము చెప్పిరి. పెంపు పనివాని చేతిలోనే కలిగినది. అయినను అది నూలుగలవానిదే. నేర్పునకు ఫలము కూలి. కౌటిల్యుడును చాకలివారికి చెప్పిన కట్టుబాట్లనే కుట్టుపనివారికిని వర్తింపజేసెను. ఇదంతయు వివరించి, శాస్త్రము చక్కగా చెప్పితినను తృప్తితో ఇల్లు చేరితిని. ఆ తీర్పువలన నాకు పైసా నష్టము లేదనుట అప్పుడు తోచలేదు.

నెల తిరుగకమునుపే ఆమె మరల వచ్చెను. చెప్పినట్లే ముక్కలన్నియు మూటకట్టి ఎవరివి వారికి ఇచ్చినదట. కొందరు నవ్విరట. ఒకామె, దీనిని నేనేమి చేసుకొందును? అని దుకాణము ముందరి కాలువలోనే పడవైచినదట. జరీ అంచు గల పట్టుముక్క. “నా కృష్ణునికి లేకపోయినది. గౌనులకు పూలు లేవు, ఆ రాబడియు పోయినది. ముక్క మురుగుపాలైనది. ఇప్పుడు నా పాపము తగ్గినదా స్వామీ?” అని అడిగెను. నావద్ద సమాధానము లేదు. ఆలోచించి చెప్పుదునని పంపివేసితిని.

మన సంప్రదాయమున శేషమను మాటకు గొప్ప స్థానము కలదు. మిగిలినది శేషమని లోకవ్యవహారము. భగవద్రామానుజులు వేదార్థసంగ్రహమున దానిని మరియొక విధముగా నిర్వచించిరి: పరునికి అతిశయము కలిగించుటయే స్వభావముగా గలది శేషము, ఆ పరుడు శేషి. జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. జీవుడు తనను తాను తనవాడనుకొనుటయే ఆత్మాపహారమను దొంగతనము. ఈ వెలుగులో కత్తెర క్రింద మిగిలిన ముక్క శేషమగుటచేతనే స్వతంత్రము కాదు. దానికొక శేషి కలడు. మీమాంసకులు యాగమున వినియోగమైన వస్తువులను సైతము ఇష్టము వచ్చినచోట పారవేయనీయక, ప్రతిపత్తికర్మయని దానికొక విధి చెప్పిరి. మిగిలినదానికి దిక్కులేదనుట మన పెద్దలకు తెలియని మాట.

ఆలయములలో శేషవస్త్రమునే చూడుడు. స్వామి ధరించి విడిచిన వస్త్రమును భక్తుని శిరమున చుట్టుదురు. ఉద్ధవుడు తాను స్వామి ఉపభుక్తములతో అలంకరించుకొను దాసుడనని చెప్పుకొనెను. పెరియాళ్వారులు తిరుప్పల్లాండులో అట్లే చెప్పుకొనిరి. అది మిగిలినదే. కాని ఇచ్చు చేతినుండి వచ్చినది కనుక ప్రసాదము. ఆ వస్త్రమునే ఎవరైన సన్నిధినుండి తానై తీసికొనిపోయినచో దానికేమి పేరు?

అన్నియు స్వామివే గదా, స్వామికొరకు తీసికొనిన దోషమేమి? అని కొందరందురు. పూజకని తెల్లవారుజామున పొరుగింటి గోడమీది మందారములను కోయువారు మన వీథులలో కొల్లలు. వారి వాదము ఇదియే. ఆ రజకునివద్ద కృష్ణుడే కంసుని బట్టలు తీసికొనెను గదా అనియు అడుగుదురు. జగత్స్వామి తనవి తాను తీసికొనెను. స్వామి తీసికొనుట వేరు, స్వామి పేరిట మనము తీసికొనుట వేరు. తిరుమంగై ఆళ్వారుల కథ చెప్పి నన్ను ఇరుకున పెట్టినవారును కలరు. తన సంపదను, తన ప్రాణమును మొదట ఒడ్డిన మహనీయుని నడవడి, మందారములు కోయువారికి ప్రమాణము కాజాలదు.

ఇంతవరకు తర్కము సరిగానే నడచినది. కాని మురుగున పడిన పట్టుముక్కకు సమాధానము దొరకలేదు. అది పుస్తకములలోగాక నా అలమరలో దొరకినది. పాఠశాలలో నాతో చదివిన మిత్రునివద్ద తెచ్చుకొన్న శ్రుతప్రకాశిక సంపుటమొకటి నలుబది ఏండ్లుగా నావద్దనే యున్నది. ఆయన పరమపదించెను. కుమారునికి సంస్కృతము రాదు, వానికెందుకని నాకు నేనే తీర్పు చెప్పుకొని యుంటిని. సిగ్గుపడి ఆ కుమారునికి ఉత్తరము వ్రాసితిని. పుస్తకము పంపుడని అతడు బదులు వ్రాసెను. చదువుటకు కాదట, అంచులలో తండ్రిగారి చేవ్రాలు ఉన్నదని వారి తల్లి చెప్పినదట, ఆమె దానిని చూడగోరుచున్నదట.

వారికెందుకు అని నేనెట్లు ఎరుగుదును? వస్తువు ఎంతటిదో కాదు, దానిని గూర్చి నిర్ణయించు అధికారమే పరులది. ఆమె తిరిగి ఈయవలసినది ముక్కను కాదు, ఆ అధికారమును. అడుగక ఉంచుకొన్నప్పుడు తప్పు. అడుగక చేతిలో కుక్కినప్పుడును పని సగమే.

ఈ మాట చెప్పుటకు వెళ్లునప్పటికి ఆ తల్లి నాకంటె ముందే అచటికి చేరియుండెను. కత్తెర పట్టకమునుపే గుడ్డను బల్లపై పరచి, సుద్దతో గీతలు గీసి, “ఇంత మిగులును, మీకు కావలెనా?” అని అడుగుచున్నది. వద్దన్నవారికి కూలిలో కొంత తగ్గించి, ఆ ముక్కను అమ్మకపు పనికి ఉంచుకొనును. కృష్ణునికైనచో అందుకే అని చెప్పి అడుగును. కూలి తగ్గింపు నాకు తోచని ధర్మము. నేను మనువు వద్దనే ఆగిపోతిని.

ఆ సంవత్సరము శ్రీజయంతికి పది దినములముందు నెమలికంఠపు రంగు పట్టుగుడ్డ ఒకటి వచ్చినది. ఆమె కన్ను దానిమీద పడినది. అడిగినది. ఆ ఇల్లాలు, మా పాప బొమ్మకు కావలెను, ఇచ్చివేయుడు అన్నది. మూరెడు ముక్క మడచి ఇచ్చివేసినది.

శ్రీజయంతినాడు వారింటికి వెళ్లితిని. కృష్ణునికి, దుకాణమునకని కొన్న తెల్లని నేతగుడ్డ, పసుపునీట ముంచి ఆరవేసినది, కట్టియుండిరి. అంచున చేతితో కుట్టిన సన్నపూలు. మేనకోడలు ప్రసాదమిచ్చి, మరునాటికని పళ్లెమున ఉంచిన రెండవ వస్త్రమును తిప్పి లోపలి అంచు చూపెను. రెండు మడతలు పెట్టి కుట్టియున్నవి. విగ్రహము ఎదుగదు గదా, మడతలెందుకమ్మా అని అడిగితిని.

“అలవాటు తాతగారూ” అని ఆ పిల్ల నవ్వినది.