పొగను చూసి నిప్పును, గులాబీని చూసి పులుపును

జూన్ వచ్చిందంటే చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు బారులు తీరతాయి. లోపల ల్యాబ్‌లో జరిగే పని చూడటానికి చిన్నదే. పది గ్రాముల గుజ్జును నీళ్లలో కలిపి, బ్యూరెట్ నుంచి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌ను బొట్టు బొట్టుగా వదలాలి. సూచికగా వేసిన ఫినాఫ్తలీన్ లేత గులాబీకి తిరిగి అర నిమిషం నిలిస్తే ఎండ్ పాయింట్ వచ్చినట్టు. సిట్రిక్ ఆమ్లం అర శాతం ఉంటే సుమారు 7.8 మిల్లీలీటర్లు పడుతుంది. చిక్కల్లా గుజ్జు రంగుతోనే. ఆ పసుపులో గులాబీ ఎక్కడ మొదలైందో ఇద్దరు కెమిస్టులు ఒకేలా చెప్పలేరు.

ఆటోమేటిక్ టైట్రేటర్‌కు రంగుతో పనిలేదు. మోటారు బ్యూరెట్ క్షారాన్ని వదులుతుంటే, గాజు ఎలక్ట్రోడ్ ఇచ్చే మిల్లీవోల్టులను పీహెచ్‌గా లెక్కకట్టి, 8.1 దగ్గర ఆపేస్తుంది. కంటి తేడా పోయింది. అంతమాత్రాన యంత్రం ఆమ్లాన్ని నేరుగా చూసినట్టేనా?

తిరుపతిలో ఈ ప్రశ్నకు సరైన చోటుంది. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెబుతుంటే, అదే ఊళ్లోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అంటే తర్కశాస్త్రం, చెబుతారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఆ శాస్త్రానికి తొలి మెట్టు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తేల్చుకోవడం అందులోని ప్రసిద్ధ ఉదాహరణ. వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉండటం చూసినవాడికే ఆ నిర్ణయం సాధ్యం. టైట్రేటర్‌దీ అదే దారి. మిల్లీవోల్టులు పొగ, ఆమ్లం నిప్పు. రెండింటికీ ఉన్న సంబంధాన్ని పీహెచ్ తెలిసిన బఫర్ ద్రావణాలతో ముందే చూపించి ఉండాలి. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కు 59 మిల్లీవోల్టులు. 40 డిగ్రీల వేడిలో అది 62 అవుతుంది. ఎలక్ట్రోడ్ పాతబడితే తగ్గుతుంది. యంత్రం చేసేదీ గుర్తును బట్టి తేల్చుకునే అనుమాన ప్రమాణమే, నేరుగా చూసే ప్రత్యక్షం కాదు.

మరి తెర మీది అంకెను నమ్మడమెలా? జ్ఞానం పుట్టడంతోనే ప్రమాణమని, తప్పని తేలేదాకా దాన్ని శంకించనక్కర్లేదని మీమాంస దర్శనం వారైన మీమాంసకులు అన్నారు. న్యాయశాస్త్రం వారైన నైయాయికులు ఒప్పుకోలేదు. దూరాన నీళ్లు కనిపించాయి సరే, వెళ్లి తాగితే దాహం తీరాలి కదా అన్నారు. ఆ పరీక్షకూ మరో పరీక్ష కావాలి, దీనికి అంతెక్కడ అని మీమాంసకులు ఎదురడిగారు. ఆ ఎదురుప్రశ్న బలమైనదే. ల్యాబ్‌లోనూ అంతే. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీలుస్తుంది కాబట్టి దాని బలాన్ని పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో సరిచూడాలి. థాలేట్‌ను తూచాలి. తూచే త్రాసునూ సరిచూడాలి.

అయినా ఈ విషయంలో నైయాయికుల మాటే నిలుస్తుంది. డబ్బాలోకి వెళ్లే గుజ్జు పీహెచ్‌ను చెప్పేదీ ఆ ఎలక్ట్రోడే; ఆ పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉంటేనే బొటులిజం క్రిమి పెరగదు. తినేవాడి ప్రాణం ఆధారపడ్డ కొలతను దానంతటదే నిజమని వదిలేయకూడదు. తిరుపతిలోని రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులూ ఒక పూట ఒకే టైట్రేటర్ ముందు కూర్చుని ఈ వాదం నడపాలి. అధ్యాపకులు అందుకు పూనుకోవాలి.