వెనుకబడిన సీమకు ఇచ్చు సొమ్ము దానమా, బాకీయా?



ఒక ప్రాంతమున వసూలైన పన్ను వేరొక ప్రాంతమునకు ఖర్చు చేయుట న్యాయమేనా? “మేము కష్టపడి సంపాదించినది వారికెందుకు?” అని అడుగువారు ఎప్పుడును ఉన్నారు. మనవారు అనేకులు స్థిరపడిన ఈశాన్య కర్ణాటకనే తీసుకొని ఆలోచించుదము.

డాక్టర్ డి.యం. నంజుండప్ప అధ్యక్షతన పనిచేసిన కమిటీ 2002లో తన నివేదిక ఇచ్చినది. ఆనాటి 175 తాలూకాలలో 114 వెనుకబడినవనియు, అందులో 39 మిక్కిలి వెనుకబడినవనియు తేల్చినది. ఆ 39లో 21 గుల్బర్గా డివిజనులోనివే. ఎనిమిదేండ్లలో 31,000 కోట్ల రూపాయలు ఖర్చు చేయుమని సిఫారసు చేసినది. తరువాత రాజ్యాంగమునకు 98వ సవరణ జరిగి 371-జె అధికరణము వచ్చినది. 2013లో ఈ ప్రాంతమునకు ప్రత్యేక అభివృద్ధి మండలి ఏర్పడినది.

ఇక్కడి ప్రజలు సోమరులై వెనుకబడలేదు. బీదర్, గుల్బర్గా, రాయచూరు 1948 వరకు నిజాము పాలనలో ఉండి, 1956లో మైసూరుతో కలిసినవి. అప్పటికే మైసూరు సీమలో కళాశాలలు, విద్యుత్తు, పరిశ్రమలు ఉన్నవి. బెంగుళూరులో టెలిఫోన్లు, వాచీలు, విమానములు తయారుచేసిన పెద్ద కర్మాగారములు దేశప్రజలందరి సొమ్ముతో పెరిగినవే. కాబట్టి ఏ పట్టణమును “నా అంతట నేనే ఎదిగితిని” అనలేదు. పుట్టిన ఊరును ఏ బిడ్డయు ఎన్నుకొనడు. ఆ ఊరిలో బడి లేకపోవుట వాని తప్పు కాదు. అందుచేత ఈ సొమ్మును దానమనుట సరికాదు, బాకీ అనుటయే సబబు.

ఈ మాట మనకును వర్తించును. హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వములు కలిసి కట్టిన తుంగభద్ర ఆనకట్ట నుండి 1953లో నీరు విడిచిరి. ఆ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి మనవారు గంగావతి, సింధనూరు ప్రాంతములకు వచ్చి క్యాంపులు వేసికొనిరి. చెమటోడ్చినది నిజమే. అయితే కాలువ త్రవ్వించినది ప్రజాధనము. కాలువ ఎగువన మనము రెండు పంటలు వరి పండించుచుండగా, చివరి ఆయకట్టున మాన్వి, రాయచూరు రైతులు నీటికై ఎదురుచూచిన సంవత్సరములు అనేకము. బెంగుళూరు మన సీమకు బాకీ ఉన్నదనుచు, మన కాలువ చివరి రైతును మరచుట న్యాయమగునా?

ప్రాంతము పేరున వచ్చిన సొమ్ము జిల్లా కేంద్రములోని భవనములతోనే ఆగిపోయినచో బాకీ తీరినట్లు కాదు. మన తాలూకాకు ఎంత వచ్చినది, అందులో బడికెంత, ఆసుపత్రికెంత, ఏ గ్రామమునకు ఏమియు చేరలేదు అని మనము అడుగవలెను. మన క్యాంపు కొరకు మాత్రమే గాక, ప్రక్కనున్న కన్నడ పల్లె కొరకును అడుగవలెను.