గెలుపే సాక్ష్యమా?

డుమస్ సముద్రతీరమున ఇసుక నల్లనిది. సూరతు మరమగ్గములపై జీవించు మన తెలుగు కుటుంబముల యువకులు కొందరు ఒక ఆదివారము సాయంత్రము అచ్చట బంతి యాడుచుండిరి. ఆట ముగిసిన పిమ్మట వారిలో ఒకడు నాయొద్ద కూర్చుండి, అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు కర్ట్ వార్నర్ సాక్ష్యమును చదివితినని చెప్పి, ఇట్లడిగెను: "అయ్యగారూ, ఆయన నమ్మినందుకే గెలిచాడా? అలాగైతే మా నాన్న సంగతేమిటి?" అతని తండ్రి ఊపిరితిత్తుల వ్యాధిచే మగ్గము విడిచి మంచము పట్టియుండెను.

వార్నర్ క్వార్టర్‌బ్యాక్, అనగా బంతి నందుకొని, దానిని ఎవరికి విసరవలెనో క్షణములో నిర్ణయించి, జట్టు దాడిని నడుపువాడు. 1994లో గ్రీన్ బే జట్టు తనను వద్దనగా, ఐయోవా రాష్ట్రమున ఒక దుకాణములో రాత్రివేళ సరుకులు సర్దెను. 2000 జనవరి 30న సెయింట్ లూయిస్ రామ్స్ జట్టును సూపర్‌బౌల్ విజేతగా నిలిపి, వేదికపైనే యేసునకు కృతజ్ఞత చెల్లించెను. ఇంతవరకే చెప్పి మనము ప్రసంగము ముగింతుము. కాని 2002లోను, 2009లోను అదే తుదిపోరులో ఆయన ఓడిపోయెను. ఆ దినములలో ఆయన విశ్వాసము తగ్గెనా?

మన సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరామ్‌ను తలంచుడి. ఆయనది కాలితో ఆడు ఫుట్‌బాల్. 1960 రోము ఒలింపిక్స్‌లో హంగరీపై గోలు చేసెను. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణమును గెలిచిన జట్టులో ఆడెను. మరుసటి సంవత్సరమే ఊపిరితిత్తుల వ్యాధి ఆయన ఆటను ముగించెను. అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. 2023లో మరణించువరకు ఇంచుమించు అరువది సంవత్సరములు జీవించెను.

గెలుపు దేవుని మెప్పునకు గురుతైనచో, రోగము ఆయన కోపమునకు గురుతు కావలెను. పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపమెవరిదని శిష్యులడిగినప్పుడు ప్రభువు త్రోసివేసిన లెక్క ఇదియే. వార్నర్ కృతజ్ఞత సత్యమే. దానిని సూత్రముగా మార్చుట మన తప్పు. కృతజ్ఞత 'నాకు ఇయ్యబడెను' అనును. సూత్రము 'నమ్మితిని గనుక నాకు రావలెను' అనును. ఇది పడిపోయినవానిపై రాయి వేయును.

"మీ నాన్న ఓడిపోలేదు నాయనా" అంటిని. "స్వస్థత కొరకు ప్రార్థించుదము. అది కలిగినను, కలుగకున్నను, దానినిబట్టి ఆయన విశ్వాసమును తూచవద్దు." అతడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఈ మాట మా నాన్నకు మీరే చెప్పండి" అనెను. ఆ రాత్రి మేమిద్దరము ఆ మంచము యొద్దకు వెళ్లితిమి.

ప్రియ చదువరీ, సంఘములో సాక్ష్యము చెప్పుటకు గెలిచినవారినే పిలువకుము. వేదిక ఎక్కలేనివాని యొద్దకు సంఘమే వెళ్లి వినవలెను.