గురుత్వము ఎవరి సొత్తు?

గురుత్వము, అనగా బరువు, పృథివీజలములయందుండు గుణమనియు, పతనమునకు అదియే కారణమనియు వైశేషికదర్శనకారులు నిర్ణయించిరి. అయితే ఆ గుణము వస్తువునకు స్వకీయమేనా? భూమినే యుదాహరణముగా తీసికొందము: భూగర్భమున ద్రవలోహము మెల్లమెల్లగా ఘనీభవించుచు, డెన్మార్కు విదుషి ఇంగే లేమన్ భూకంపతరంగములను పరిశీలించి 1936లో కనిపెట్టిన అంతర్గోళమును పెంచుచున్నది. ద్రవ్యరాశి యెక్కడికిని పోలేదు గనుక, పైనున్న మనకు ఆకర్షణ ఇంచుమించు మారదు. కాని ద్రవ్యము తగ్గకయే 6,371 కిలోమీటర్ల భూవ్యాసార్ధము నూటికొక పాలు కుంచించుకొనినదని యూహింపుడు: నేలపైనున్న ఱాయి ఱాయిగానే యుండి, దాని బరువు మాత్రము నూటికి రెండుపాళ్లు హెచ్చును. కావున బరువు ఱాతి సొత్తు కాదు, భూమితో దానికిగల సంబంధము. ఆత్మకు సుఖదుఃఖములు మనస్సంయోగమువలన కలుగునని ఆ దర్శనమే యొప్పుకొనినది. గురుత్వము విషయమునను అట్టి మాటయే చెప్పియుండినచో ఎంత బాగుండెడిది!